ఓపెన్ ఫ్రాక్చర్ కాలికి బయటి రాడ్డు: జిల్లా ఆసుపత్రి సిబ్బంది కోసం చేసిన ప్రసంగ పాఠం

నమస్కారం. ముందు వరుసలో క్యాజువాలిటీ డాక్టర్లు, వెనక థియేటర్ టెక్నీషియన్లు, ఆ పక్కన సిస్టర్లు. ఈ రోజు విషయంలో మీ అందరికీ పని ఉంది కాబట్టి అందరికీ కలిపే చెప్తాను. కొన్ని మాటలు మీకు తెలిసినవే కావచ్చు, కాస్త ఓపిక పట్టండి. పక్కవాళ్లకు అవే కొత్త.

మోకాలి కింద కాలు విరిగింది, చర్మం చిట్లింది, లోపలి ఎముకకు బయటి గాలి తగిలింది. దీన్నే ఓపెన్ ఫ్రాక్చర్ అంటున్నాం. పేషెంటు తాలూకు వాళ్లు వచ్చి అడిగేది ఒకటే: "రాడ్డు వేస్తారా సార్?" వాళ్లకు రెండూ రాడ్లే. ఎముక గొట్టంలోకి దింపే నెయిల్ లోపలి రాడ్డు. పిన్నులు గుచ్చి చర్మం బయట బిగించే ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ బయటి రాడ్డు. సరే, ఆ బయటి రాడ్డు ఎందుకు వేస్తాం? ఎముక అతుక్కోవడానికా? అతకడమే పని అయితే లోపలి రాడ్డు ఇంతకన్నా బాగా చేస్తుంది. బయటి రాడ్డు వేసేది కండ కోసం. చర్మం కోసం, రక్తనాళాల కోసం. విరిగిన కొసలు కదలకుండా ఉంటే నలిగిన కండ మళ్లీ నలగదు, వాపు దిగుతుంది, గాయం విప్పి చూసుకోవడానికి చోటు ఉంటుంది. కండ కోసం వేస్తున్నాం. ఇది మనసులో పెట్టుకుంటే పిన్ను ఎక్కడ గుచ్చాలి, ఎక్కడ గుచ్చకూడదు అన్నది మీకే తోస్తుంది.

ఒక్కసారి అందరూ మీ కాలి ముందువైపు వేలు పెట్టి మోకాలి నుంచి చీలమండ దాకా కిందికి లాగండి. లాగారా? లోపలి వైపు ఎముక మీద చర్మం తప్ప ఏమీ లేదు. పిక్క కండ అంతా వెనక ఉంది. అందుకే బైకు మీద నుంచి పడినా, ట్రాక్టరు చక్రం ఎక్కినా టిబియా, అంటే మోకాలి కింది పెద్ద ఎముక, ఇంత సులువుగా బయటికి వస్తుంది. అక్కడ చర్మం పోతే కప్పడానికి పక్కన కండ లేదు. ముఖ్యంగా కింది మూడో వంతులో, చీలమండ పైన, ఉన్నవన్నీ నరాలూ, కండను ఎముకకు కలిపే టెండన్లే. ఎముకకు రక్తం అందించే కండే లేకపోతే ఆ ఎముక ఎలా అతుకుతుంది?

క్యాజువాలిటీతో మొదలుపెడదాం. కాలు భయంకరంగా కనిపిస్తుంది, అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. ప్రాణం తీసేది చాలాసార్లు కాలు కాదండి, పొట్టలోనో ఛాతీలోనో తలలోనో ఉన్న దెబ్బ. ముందు శ్వాస, రక్తపోటు, తల. ఆ తర్వాతే కాలు. కాలి దగ్గరికి వచ్చాక గాయం ఒక్కసారే తెరవండి. ఒక ఫోటో తీయండి. సెలైన్‌లో తడిపిన స్టెరైల్ గాజ్ గుడ్డ పరిచి కట్టేయండి. తర్వాత వచ్చే ప్రతి డాక్టరూ ఆ ఫోటో చూడాలి కానీ కట్టు విప్పకూడదు. విప్పిన ప్రతిసారీ ఆసుపత్రి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. గాయం కుళ్లించేవి చాలావరకు ఇవే, రోడ్డు మీద అంటుకున్నవి కావు. అందుకే వచ్చీరాగానే స్వాబ్ తీసి కల్చర్‌కు పంపినా ఆ రిపోర్టుతో పెద్దగా ప్రయోజనం ఉండదు.

వంకర తిరిగిన కాలును నిదానంగా లాగి వరసకు తెచ్చి స్ప్లింట్ కట్టండి. దానికి ముందు పాదం మీద, చీలమండ వెనక నాడి చూడాలి. కట్టాక మళ్లీ చూడాలి. రెండుసార్లూ టైముతో సహా రాయాలి. నాడి తగలని కాలికి గడియారం నడుస్తూ ఉంటుంది. రక్తం అందని కండ సుమారు ఆరు గంటలే ఆగుతుంది, ఆ ఆరు గంటలు దెబ్బ తగిలిన క్షణం నుంచి లెక్క, మన గేటు దాటిన దగ్గర్నుంచి కాదు.

యాంటీబయాటిక్. ఈ గదిలోంచి ఒక్క మాటే పట్టుకెళ్తామంటే దీన్నే పట్టుకెళ్లండి. దెబ్బ తగిలిన గంటలోపు మొదటి డోసు నరంలోకి వెళ్లాలి. ఆర్థోపెడిక్ డాక్టరు వచ్చేదాకా ఆగొద్దు, ఎక్స్‌రే కోసం ఆగొద్దు. సెఫజోలిన్ 2 గ్రాములు, తర్వాత ప్రతి 8 గంటలకు. గాయం పెద్దదైతే జెంటామైసిన్ కూడా, కానీ బీపీ పడిపోయి ఉన్నా, కండ బాగా నలిగినా కిడ్నీలను చూసుకుని ఇవ్వండి. పొలంలో దెబ్బ అయితే పెన్సిలిన్ కలపండి. వరిమడి బురదలోనూ పశువుల పేడలోనూ కండను కుళ్లించే గ్యాస్ గ్యాంగ్రీన్ తెచ్చే క్లాస్ట్రిడియమ్ సూక్ష్మజీవి ఉంటుంది. టెటనస్ ఇంజక్షన్ మరవొద్దు. ఇంతకుముందు టీకాలు సరిగ్గా వేయించుకోని మనిషికి, మురికి పట్టిన గాయానికి 250 యూనిట్ల టెటనస్ ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. చాలామంది గాయంలో పసుపో కాఫీ పొడో అద్దుకుని వస్తారు, కొందరు పసరు కట్టుతో వస్తారు. వాళ్లను తిట్టకండి. అది ఏ చెయ్యి ఎప్పుడు వేసిందో అడిగి రాసుకోండి చాలు. ఆ కట్టు బిగువుగా ఉందా లేదా చూసి వెంటనే కోసేయండి.

ఇప్పుడు గాయం తీవ్రతను బట్టి చెప్పే టైపుల సంగతి. గుస్టిలో, ఆండర్సన్ 1976లో చెప్పిన పద్ధతి మీరు చదివిందే. గాయం 1 సెం.మీ. లోపైతే టైప్ 1, 10 సెం.మీ. దాకా టైప్ 2, అంతకు మించితే టైప్ 3. 1984లో టైప్ 3ను మళ్లీ మూడుగా విడగొట్టారు. ఎముకను కప్పేంత కండ ఉంటే 3ఎ, ఫ్లాప్ (రక్తనాళంతో సహా తెచ్చి కప్పే కండ లేదా చర్మం) వేస్తే తప్ప ఎముక కప్పబడకపోతే 3బి, కాలు నిలవాలంటే రక్తనాళం కుట్టాల్సిందే అయితే 3సి. ఇందులో పొరపాటు ఎక్కడ జరుగుతుందో తెలుసా? క్యాజువాలిటీలో టేపు పట్టుకుని కొలిచి టైపు రాసేయడం దగ్గర. బయట 2 సెం.మీ. చిల్లే కనిపిస్తుంది, లోపల అరచేయంత చర్మం ఎముక నుంచి ఊడి ఉంటుంది. టైపు తేలేది థియేటర్‌లో, శుభ్రం చేశాక. పొలం మట్టి పట్టినా, ఎముక ముక్కలు ముక్కలైనా, చిల్లు ఎంత చిన్నదైనా అది టైప్ 3యే. కాలు నిలబెట్టాలా తీసేయాలా అన్న సందేహం వచ్చినచోట కోయంబత్తూరు గంగా హాస్పిటల్ వాళ్ల స్కోరు వాడండి. మన దేశపు దెబ్బలు చూసి తయారైన స్కోరు అది. చర్మానికి, ఎముకకు, కండా నరాలకు విడివిడిగా 1 నుంచి 5 మార్కులు, షుగరు లాంటివి ఉంటే ఒక్కోదానికి 2. మొత్తం 14 లోపు ఉంటే కాలు నిలబెట్టే ప్రయత్నం చేయాలి. 17, ఆపైన అయితే తీసేయడం గురించి మాట్లాడాలి. మధ్యలో ఉంటే అనుభవజ్ఞులు ఇద్దరు కలిసి తేల్చాలి.

థియేటర్‌లోకి వెళ్దాం. ఆరు గంటలు దాటితే ఇక లాభం లేదన్న పాత మాట ఇప్పుడు ఎవరూ పట్టుకోవట్లేదు. మురికి బాగా పట్టినవి, నాడి లేనివి వెంటనే. మిగతావి 24 గంటల లోపు, కానీ చేయి తిరిగిన వాళ్ల చేతుల్లో. అర్ధరాత్రి ఒంటరిగా హడావుడిగా చేసినదానికంటే పొద్దున్నే సీనియర్‌తో కలిసి చేసింది మేలు. యాంటీబయాటిక్ మాత్రం ఆగదు, మళ్లీ చెప్తున్నాను.

తొడకు టోర్నికే, అంటే రక్తం ఆపే గాలి పట్టీ, కట్టండి, కానీ గాలి ఎక్కించకండి. రక్తం ప్రమాదంగా కారితేనే ఎక్కించాలి. ఎందుకంటే బతికిన కండ ఏదో చచ్చిన కండ ఏదో చెప్పేది రక్తమే. గాలి ఎక్కించి కూర్చుంటే అంతా ఒకే రంగులో కనిపిస్తుంది. గాయాన్ని పొడవునా పైకీ కిందికీ పెంచండి, అడ్డంగా వద్దు. తర్వాత కండను ఒక్కొక్క పొరగా చూడండి. దగ్గరగా చూపిస్తాను. ఫోర్సెప్స్ కొసతో కండను మెల్లగా నొక్కితే బతికింది ఉలిక్కిపడి ముడుచుకుంటుంది, చచ్చింది తడిసిన గుడ్డలా అలాగే పడి ఉంటుంది. కోసినచోట ఎర్రటి చుక్కలు ఊరితే బతికింది. రంగు నల్లగా మారి, పట్టుకుంటే ముద్దలా విడిపోతే చచ్చింది. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, రంగు మోసం చేస్తుంది. ముడుచుకోవడం, రక్తం ఊరడం, ఈ రెండింటినీ నమ్మండి.

ఎముక కొసలు రెండింటినీ గాయంలోంచి బయటికి తీసి చూడాల్సిందే. మజ్జ గొట్టంలో గడ్డి, ఇసుక, ప్యాంటు పీచు ఇరుక్కుని ఉంటాయి. విడిగా ఉన్న ఎముక ముక్కను రెండు వేళ్లతో లాగి చూడండి. సులువుగా చేతిలోకి వస్తే దానికి రక్తం లేదు, ఉంచితే రేపు అదే చీముకు మూలం. పెద్ద ముక్క పారేయాలంటే మనసు ఒప్పదు, నాకు తెలుసు. అయినా పారేయండి. కీలు ఉపరితలపు ముక్క ఒక్కటే దీనికి మినహాయింపు, దాన్ని శుభ్రం చేసి కాపాడుకోవాలి.

కడగడానికి మామూలు సెలైన్ చాలు. టైప్ 1కి 3 లీటర్లు, టైప్ 2కి 6, టైప్ 3కి 9. ఎత్తున వేలాడదీసిన సీసా నుంచి ట్యూబు ద్వారా ధారగా వదలండి. 2015లో వచ్చిన ఫ్లో ట్రయల్‌లో 2,400 మందికి పైగా చూశారు. ప్రెషర్ ఎక్కువైనా తక్కువైనా ఫలితం ఒకటే, సబ్బు నీళ్లు వాడిన వాళ్లకు మాత్రం మళ్లీ ఆపరేషన్లు ఎక్కువయ్యాయి. కాబట్టి ప్రెషర్ మిషను లేదని బాధపడకండి. మన దగ్గర సెలైన్ ఉంది, గురుత్వాకర్షణ ఉంది. ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: చచ్చిన కండ కోయకుండా ఎన్ని లీటర్లు పోసినా అది కడిగినట్టు కాదు.

కడగడం అయ్యాక గుడ్డలు, గ్లౌజులు, గౌన్లు మార్చండి. పనిముట్లు కూడా. మురికి ట్రే వేరు, ఫిక్సేటర్ ట్రే వేరు. టెక్నీషియన్లు, ట్రేలో ఏం ఉండాలో రాసుకోండి: 5 మి.మీ. షాంజ్ పిన్నులు (ఎముకలోకి బిగించే మరల పిన్నులు) 4, విడిగా ఇంకో 2. 3.5 మి.మీ. డ్రిల్ బిట్, పదునుగా ఉన్నది. డ్రిల్ స్లీవ్ (బిట్ పోయే గొట్టం), ట్రోకార్ (ఆ గొట్టంలో ఉండే మొనదేలిన కడ్డీ). పిన్ను పట్టే క్లాంపులు 4, రాడ్డును రాడ్డుకు కలిపేవి 2. 11 మి.మీ. రాడ్లు 3. టి హ్యాండిల్, క్లాంపు సైజుకు సరిపడే స్పానర్లు 2. ఒక్క స్పానర్ తెస్తే బిగించేటప్పుడు ఫ్రేము మొత్తం తిరిగిపోతుంది. చిన్న ఎముక ఉన్న మనిషికి 4.5 మి.మీ. పిన్ను వాడండి. పిన్ను మందం ఎముక మందంలో మూడో వంతు దాటితే ఆ చిల్లు దగ్గరే ఎముక మళ్లీ విరుగుతుంది.

పిన్ను ఎక్కడ గుచ్చాలి? టిబియా ముందు గట్టు నుంచి లోపలి వైపుకు ఒక్క సెంటీమీటరు లోపు, ముందు నుంచి వెనక్కి. సరిగ్గా గట్టు మీదే గుచ్చితే అక్కడ ఎముక మందం ఎక్కువ, బిట్ జారుతుంది, వేడెక్కుతుంది. బయటి వైపు నుంచి గుచ్చితే కండ గుండా పోతుంది, పాదం కదిలిన ప్రతిసారీ ఆ కండ పిన్నుకు రాసుకుని రసి కారుతుంది. కింది మూడో వంతులో అయితే అక్కడ ముందు నాళం, నరం ఎముకను ఆనుకుని పోతుంటాయి. పూర్తిగా లోపలి పక్క నుంచి అడ్డంగా గుచ్చితే ఏమవుతుంది? ఎముకకు ఏమీ కాదు. కానీ రేపు ప్లాస్టిక్ సర్జన్ వచ్చినప్పుడు ఆయనకు కావలసిన వెనకటి టిబియల్ నాళం ఆ వైపు నుంచే దొరుకుతుంది, పిక్క కండను తిప్పేదీ చాలాసార్లు అటు నుంచే. మన రాడ్డు ఆయన చేతికి అడ్డం పడుతుంది. ఆయన రాడ్డు విప్పమంటాడు, విప్పితే ఎముక కదులుతుంది. అందుకే ముందువైపు గుచ్చండి, కాలికి రెండు పక్కలా ఖాళీ వదలండి.

విరుపుకు పైన రెండు పిన్నులు, కింద రెండు. ఒకటి విరుపుకు దగ్గరగా, ఇంకోటి వీలైనంత దూరంగా. దగ్గర అన్నాను కదా అని విరుపు రక్తం గడ్డలోకి గుచ్చకండి, 2 నుంచి 3 సెం.మీ. వదలండి. గాయంలోంచి గుచ్చొద్దు. మోకాలి వైపు కీలు గీతకు కనీసం 15 మి.మీ. కింద ఉండాలి, లేకపోతే పిన్ను పట్టుకుని చీము కీలులోకి చేరుతుంది. రేపు ప్లేటు వేయాల్సిన చోటైతే ఆ ప్లేటు కోత పడే దారి కూడా వదిలేయండి.

ఇప్పుడు పిన్ను గుచ్చడం. నిదానంగా వినండి, ఫిక్సేటర్ నెలలు నిలబడుతుందా, మూడు వారాలకే ఊగుతుందా అన్నది ఇక్కడే తేలిపోతుంది. చర్మం మీద 1 సెం.మీ. గాటు. ఆర్టరీ ఫోర్సెప్స్‌తో ఎముక దాకా విడదీయండి. స్లీవును ఎముకకు ఆనించి ట్రోకార్ తీసేయండి. డ్రిల్ మెల్లగా తిప్పండి, సిస్టర్ సిరంజితో సెలైన్ పోస్తూ ఉండాలి. ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉంటే చచ్చిపోవడం మొదలవుతుంది. మధ్యమధ్యలో బిట్ బయటికి తీసి గాడుల్లో చేరిన పొడి చూడండి. తెల్లగా, తడిగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగిందా, కమురు వాసన వచ్చిందా, అక్కడ ఎముక కాలింది. కొన్ని వారాలకు ఆ పిన్ను చుట్టూ ఎముక ఉంగరంలా ఊడి వస్తుంది. బిట్ మొండిదైతే నెట్టకండి, మార్చండి.

చెయ్యి ఏం చెప్తోందో గమనించండి. మొదటి గోడ దాటగానే చెయ్యి తేలికవుతుంది, అది మజ్జ. మళ్లీ బరువు తగిలితే అది రెండో గోడ. మొదటి గోడలోనే చాలాసేపు గట్టిగా తగులుతూ, మధ్యలో తేలిక రాలేదంటే? బిట్ ఎముక నడిమధ్య నుంచి పోవట్లేదు, ఒక పక్క గోడ వెంబడి పోతోంది. ఆపండి, బయటికి తీయండి, దిశ మార్చండి. రెండో గోడ దాటే క్షణంలో మాత్రం తోయకండి, వెనక నాళాలు ఉన్నాయి. తర్వాత పిన్నును మెషిన్‌తో ఎక్కించొద్దు, టి హ్యాండిల్‌తో చేత్తో తిప్పండి. రెండో గోడ అవతలికి ఒకటి రెండు మరలు వస్తే చాలు. చివరగా పిన్ను చుట్టూ చర్మం ఎటైనా లాగుతోందా చూడండి. లాగుతున్న వైపు బ్లేడుతో కాస్త వదులు చేయండి. ఆ బిగువు వదిలేస్తే రెండో వారానికి అక్కడే చర్మం కుళ్లుతుంది.

నాలుగు పిన్నులూ అయ్యాక పై రెండింటికి ఒక రాడ్డు, కింది రెండింటికి ఒక రాడ్డు బిగించండి. ఇప్పుడు మీ చేతిలో రెండు పిడులున్నాయి. వాటిని పట్టుకుని కాలును లాగి, తిప్పి, వరసకు తెచ్చి మూడో రాడ్డుతో కలపండి. ముందు పొడవు, తర్వాత మెలిక, తర్వాత వంకర. మెలిక ఎక్స్‌రేలో సరిగ్గా కనిపించదు. అందుకే రెండో కాలిని కూడా గుడ్డల కింద దాచకుండా పక్కనే ఉంచుకోండి. తుంటి ముందు ఎముక, మోకాలి చిప్ప నడుమ, కాలి రెండో వేలు ఒకే గీత మీదకు రావాలి. చర్మానికి రాడ్డుకు మధ్య రెండు వేళ్లు పట్టాలి. అంతకన్నా దూరమైతే ఫ్రేము ఊగుతుంది, దగ్గరైతే వాపు వచ్చాక రాడ్డు చర్మంలోకి దిగుతుంది. ఇంకా ఊగుతుంటే మొదటి రాడ్డు మీదే ఇంకో రాడ్డు ఎక్కించండి. క్లాంపులన్నీ మరుసటి రోజు మళ్లీ బిగించాలి, ఇది రౌండ్స్‌లో చేసే పని.

విరుపు చీలమండకు దగ్గరైతే పాదాన్ని కూడా ఫ్రేములో కలపాలి. మడమ ఎముకలో 5 మి.మీ. పిన్ను లోపలి నుంచి బయటికి గుచ్చుతాం, నరం నాళం లోపలి వైపున ఉన్నాయి కాబట్టి వాటిని చూసుకుని మొదలుపెట్టాలి. పాదం కిందికి వాలిపోకుండా బొటనవేలి మెటాటార్సల్‌లో 4 మి.మీ. పిన్ను ఒకటి. ఈ ఒక్క పిన్ను మరిచిపోయినందుకు ఎముక అతుక్కున్నా మడమ నేలకు ఆనని కాళ్లు ఎన్నో ఉన్నాయి.

గాయం చిట్లింది కదా, ఇక లోపల ఒత్తిడి పెరగదులే అనుకోకండి. పిక్కలో నాలుగు గదులున్నాయి, చిట్లింది ఒకటే కావచ్చు. కాలి వేళ్లను మీరు వంచినప్పుడు కేక వేసేంత నొప్పి వస్తే, ఇంజక్షన్లకు తగ్గకపోతే, నాడి తగులుతున్నా సరే కండను చుట్టి ఉండే పొరను, అంటే ఫేషియాను, విప్పాలి.

48 గంటల లోపు మళ్లీ థియేటర్‌లో చూడండి. బిగించి కుట్టకండి. గాయంలోంచి పీల్చే వ్యాక్ మిషన్ ఉంటే మైనస్ 125 మి.మీ. మెర్క్యురీ మీద పెట్టండి, కానీ వ్యాక్ ఉందిలే అని ఫ్లాప్ వాయిదా వేయకండి. గొడినా అనే సర్జన్ 1986లో చెప్పింది మొదటి 72 గంటల్లో కప్పమని. మన దగ్గర అది ప్రతిసారీ కుదరదు, కానీ వారం దాటనివ్వకండి. పై మూడో వంతుకు గ్యాస్ట్రోక్నీమియస్ కండ, నడిమి వంతుకు సోలియస్, కింది వంతుకు చాలాసార్లు ఫ్రీ ఫ్లాప్, అంటే ఒంట్లో వేరే చోటి నుంచి పూర్తిగా తీసి తెచ్చేది. అంటే కింది వంతు గాయం, ఎముక కనిపిస్తోంది అనగానే మొదటి రోజే ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఊరికి ఫోన్ వెళ్లాలి. పదో రోజు పంపితే అక్కడి వాళ్లకు మిగిలేది ఎండిపోయిన ఎముకే.

ఇక లోపలి రాడ్డు ఎప్పుడు? పిన్నులు శుభ్రంగా ఉంటే, చర్మం కప్పబడితే, రెండు వారాల లోపు ఒకే ఆపరేషన్‌లో మార్చవచ్చు. ఆలస్యమైనా, పిన్నుల దగ్గర రసి కారుతున్నా ముందు ఫిక్సేటర్ తీసి, చిల్లులు గీకి, కాలిని పిండికట్టులో ఉంచి, పది పద్నాలుగు రోజులు ఆగి అప్పుడు నెయిల్. చీము ఉన్న చిల్లు పక్క నుంచి నెయిల్ దింపితే ఆ చీమును గొట్టం పొడవునా పూసినట్టే. అలాగని బయటి రాడ్డుతోనే చివరిదాకా ఉంచడం తప్పేమీ కాదు. టాంజానియాలో చేసిన ట్రయల్ 2020లో వచ్చింది. చర్మం మూతపడే గాయాల్లో నెయిల్‌కు, ఫిక్సేటర్‌కు ఏడాది తర్వాత పెద్ద ఇబ్బందుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, వరస మాత్రం నెయిల్‌తో బాగుంది. ఎముకే పోయిన కాళ్లకు ఇలిజరోవ్ పద్ధతి ఉంది, బయటి ఫ్రేముతో ఎముకను మెల్లగా సాగదీయడం. 1964 టోక్యో ఒలింపిక్స్ హైజంప్ విజేత బ్రూమెల్ మరుసటి ఏడాది మోటారుసైకిల్ ప్రమాదంలో కాలు విరగ్గొట్టుకుంటే, ఎన్నో ఆపరేషన్ల తర్వాత చివరికి రష్యాలోని కుర్గాన్‌లో ఆ పద్ధతి తెచ్చిన డాక్టర్ ఇలిజరోవే నడిపించాడు. సాగదీసేది రోజుకు 1 మి.మీ., అదీ నాలుగు విడతలుగా పావు మి.మీ. చొప్పున. 4 సెం.మీ. పోయిందంటే ఎముక గట్టిపడేదాకా తక్కువలో తక్కువ ఆరు నెలలు ఫ్రేములో ఉండాలని పేషెంటుకు ముందే చెప్పండి.

సిస్టర్లు, పిన్ను సంరక్షణ మీదే. మొదటి కట్టు మరీ తడిస్తే తప్ప కదపకండి. తర్వాత వారానికి ఒకసారి ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి, గాజ్ గుడ్డను పిన్ను చుట్టూ చుట్టి చర్మం కదలకుండా కాస్త అదమండి. పిన్ను ఒక్కోదానికి ఒక్కో గాజ్ గుడ్డ. ఎరుపు, కొంచెం రసి అయితే రోజూ శుభ్రం చేసి నోటి యాంటీబయాటిక్ ఇస్తే సరిపోతుంది. పిన్ను వేలికి ఊగుతోందంటే మందులతో తగ్గదు, తీసేసి వేరే చోట కొత్తది వేయాల్సిందే.

ఇంటికి పంపేటప్పుడు కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వండి. కాలు గుండె ఎత్తున దిండు మీద. మోకాలు, వేళ్లు రోజూ ఆడించాలి. ఎంత బరువు ఆనించాలో డాక్టరు రాసినంతే. బీడీ, సిగరెట్ మానాలి, ఎముక అతకదు. పిన్నులకు పసుపు, నూనె, పసరు రాయొద్దు. నట్లు ఇంట్లో స్పానర్‌తో తిప్పొద్దు. పిన్ను దగ్గర చీము, జ్వరం, కొత్తగా నొప్పి, ఏది వచ్చినా తారీఖు కోసం చూడకుండా రావాలి. కాగితం కింద రెండు తారీఖులు: తర్వాత ఎప్పుడు చూపించుకోవాలి, ఫిక్సేటర్ గురించి తేల్చేది ఎప్పుడు. ఆ రెండో తారీఖు లేకుండా పంపితే నాలుగో నెలలో ఊగే పిన్నులతో తిరిగి వస్తారు. ఇప్పుడు ఆ బల్ల మీద ప్లాస్టిక్ ఎముకలు, పాత సెట్లు పెట్టాం. ఇద్దరిద్దరుగా రండి, ఒక్కొక్కరు ఒక్క పిన్ను గుచ్చి చూడండి, ఆ మొదటి గోడ, రెండో గోడ చేతికి తెలియాలి.